అయిదు వాక్యాల పువ్వు

పోయిన ఆదివారం పొద్దున్నే పెద్దముడియం నుంచి అక్క కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. కింద ఒకటే ముక్క: "మామా, ఇదేం పువ్వు?"

ముళ్లకంపను పట్టుకుని పైకి పాకిన తీగ. దాని మీద ఒకే ఒక్క పువ్వు. ఆరు రేకలూ వెనక్కి విరుచుకుని పైకి లేచి ఉన్నాయి. అంచులు అలలు అలలుగా ముడతలు పడ్డాయి. మొదట్లో పసుపు, కొసల్లో ఎరుపు. పొయ్యిలో మంట లేచినట్టుంది.

నేను జవాబు టైప్ చేసేలోపే రెండో మెసేజ్ వచ్చింది. "యాప్‌లో పెడితే పేరు చెప్పింది లే మామా. తెలుగులో వ్యాసం గూడ దొరికింది. దీని గడ్డ కీళ్లనొప్పులకు మంచిదంట. జేజికి మోకాళ్లు నొప్పులు గదా, తవ్వుకొని పోయేదా?"

కాఫీ గ్లాసు పక్కన పెట్టి వెంటనే ఫోన్ చేశాను. "గడ్డ ముట్టుకోవద్దురా అబ్బీ. ముందు నువ్వు చదివింది నాకు పంపు."

వాడు పంపింది ఒక ఆన్‌లైన్ తెలుగు విజ్ఞాన సర్వస్వంలోని వ్యాసం. ఏ సైటో చెప్పను. ఈ జబ్బు ఒక్క సైటుది కాదు కాబట్టి పేరు అనవసరం. వ్యాసం అంటే పెద్దదేం కాదు, అయిదంటే అయిదు వాక్యాలు. సినిమాకు రివ్యూ రాస్తాం, బిర్యానీకి స్టార్లు ఇస్తాం, ఆటో అన్నకు కూడా రేటింగ్ ఇస్తాం. రోజూ నమ్మి చదివే వ్యాసానికి ఎప్పుడైనా మార్కులు వేశామా? ఈ వారం అదే పని. వాక్యానికి 5 మార్కులు, మొత్తం 25.

మొదటి వాక్యం: "నాభి లిల్లీ కుటుంబానికి చెందిన అందమైన తీగ."

అందంతో పేచీ లేదు. పేచీ పేరుతోనే. మన పాత వైద్యంలో నాభి అంటే ఎక్కువగా వత్సనాభి. అది హిమాలయాల మొక్క, ఇంగ్లీషులో అకోనైట్ అంటారు. దానికీ మన ఫొటోలోని తీగకూ చుట్టరికం లేదు. ఒకటే పోలిక, రెండూ విషమే. మనది అడవినాభి. అగ్నిశిఖ అనీ, పొత్తిదుంప అనీ కూడా అంటారు. సంస్కృతంలో లాంగలి. లాంగలం అంటే నాగలి. దుంప నాగలిలా వంగి ఉంటుంది కాబట్టి ఆ పేరు.

ఇన్ని పేర్లున్నప్పుడు గందరగోళం తీర్చేది శాస్త్రీయ నామం. దీనికి 1753లోనే లినేయస్ పెట్టిన పేరు గ్లోరియోసా సుపర్బా. ఆ రెండు మాటలూ మన వ్యాసంలో లేవు. ఇక కుటుంబం సంగతి. పాత పుస్తకాల్లో దీన్ని లిల్లీల కుటుంబం లిలియేసిలోనే చేర్చేవాళ్లు. ఇప్పుడు కొల్చికేసి అనే వేరే కుటుంబంలో పెట్టారు. ఇదేదో పరీక్షలో బిట్టు ప్రశ్న అనుకోకండి. కొల్చికేసి అన్న మాటలోనే ఈ మొక్క అసలు రహస్యం ఉంది. దాని సంగతి నాలుగో వాక్యం దగ్గర చూద్దాం.

పేరుకు ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? మన కడప జిల్లా కథే చెబుతా. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవుల దగ్గర అది మళ్లీ దొరికింది. పట్టి తెచ్చినవాడు ఐతన్న అనే స్థానికుడు. పుస్తకాలు దాన్ని జెర్డాన్స్ కోర్సర్ అంటున్నా, ఊళ్లో వాళ్ల నోట కలివికోడి అన్న పేరు బతికే ఉంది. కలివి పొదల మధ్య తిరిగేది కాబట్టి కలివికోడి. సరైన పేరు తెలిస్తే సగం దారి తెలిసినట్టే. తప్పు పేరు పట్టుకుంటే హిమాలయాలకు పోతాం.

మార్కులు: 5కి 1. తీగ అన్నందుకు.

రెండో వాక్యం: "దీని పువ్వులు ఎరుపు, పసుపు రంగుల్లో ఉంటాయి."

నిజమే. బంతిపువ్వు కూడా అలాగే ఉంటుంది కదా!

మంచి వర్ణనకు నేను పెట్టే పరీక్ష చాలా చిన్నది. ఫొటో దాచేసి వాక్యం మాత్రమే చదివితే కంచె దగ్గర ఆ మొక్కను గుర్తుపట్టగలమా? ఈ తీగకు ఎవరైనా పట్టేసే గుర్తు ఒకటుంది. ఆకు కొస సాగి సాగి నులితీగలా చుట్టుకుంటుంది. కాకర, దోస లాంటి వాటికి నులితీగలు విడిగా వస్తాయి. దీనికి ఆకే నులితీగ అవుతుంది, ఆ కొసతోనే ముళ్లకంపను పట్టుకుని పైకి పాకుతుంది. రెండో గుర్తు రంగు. పువ్వు విచ్చేటప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది, తర్వాత పసుపు తేలుతుంది, రోజులు గడిచేకొద్దీ ఎరుపెక్కుతుంది. అందుకే ఒకే తీగ మీద మూడు రంగుల పూలు కనబడినా ఆశ్చర్యపోనక్కర్లేదు. మూడోది, పువ్వు మధ్యలోని కీలం నిటారుగా నిలబడకుండా పక్కకు మడిచినట్టు ఒరిగి ఉంటుంది.

ఇక వ్యాసంలోని ఫొటో ఏదో తోటలో కుండీలో పెంచిన మొక్కది. వెనక పచ్చటి లాన్. ముళ్లకంప మీద తీగను చూసినవాడు దాన్నీ దీన్నీ ఒకటనుకోవడం కష్టం. ఆకు కొస ఆ ఫొటోలో అసలు కనబడదు.

మార్కులు: 5కి 2.

మూడో వాక్యం: "ఇది తమిళనాడు రాష్ట్ర పుష్పం."

నూటికి నూరు పాళ్లు నిజం. అక్కడ కాందళ్ అంటారు. ఇంకా చెప్పాలంటే ఆఫ్రికాలోని జింబాబ్వేకి ఇదే జాతీయ పుష్పం. ఆ దేశం ఇంకా రొడీషియాగా ఉన్నప్పుడు, 1947లో, బ్రిటన్ యువరాణి ఎలిజబెత్‌కు 21వ పుట్టినరోజు కానుకగా ఇదే పువ్వు ఆకారంలో వజ్రాల బ్రూచ్ ఇచ్చారు. తర్వాత ఆమె రాణి అయింది. మన రాష్ట్రం 2018లో మల్లెను రాష్ట్ర పుష్పంగా, వేపను రాష్ట్ర వృక్షంగా ప్రకటించింది.

వేప అంటే గుర్తొచ్చింది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లో ఒక కథ ఉంది. భర్త యుద్ధంలో చనిపోతే గర్భవతి అయిన రాణి ముడివేము అనే అగ్రహారంలో తలదాచుకుందట. ఆమెకు పుట్టిన కొడుకే చాళుక్య వంశాన్ని నిలబెట్టాడట. ఆ ముడివేము మా పెద్దముడియమేనని చరిత్రకారులు గుర్తించారు. వేము అంటే వేపే. మా ఊరి పేరులోనే చెట్టుంది. అలాంటి ఊరి పిల్లోడు కంచె మీది తీగ పేరు ఫోన్‌ను అడగాల్సి వస్తోంది. తప్పు వాడిది కాదు లెండి. అడిగినప్పుడు సరిగ్గా చెప్పేవాళ్లు ఉండాలి.

మార్కులు: 5కి 5. కానీ గమనించారా, అయిదు వాక్యాల్లో పూర్తిగా సరైనది మనకు అవసరమే లేని వాక్యం!

నాలుగో వాక్యం: "ఆయుర్వేదంలో దీని దుంపను కీళ్లనొప్పులు మొదలైన అనేక వ్యాధులకు వాడతారు."

మావాడు గడ్డ తవ్వడానికి లేచింది ఈ వాక్యం చదివే.

మొత్తం అబద్ధమైతే ఇంత గొడవ ఉండేది కాదు. ఇది సగం నిజం. ఈ మొక్కలో కాల్చిసిన్ అనే పదార్థం ఉంది. దాన్ని మొదట తీసింది యూరప్‌లో పెరిగే కాల్చికమ్ అనే మొక్క నుంచి. కొల్చికేసి కుటుంబానికి ఆ పేరు వచ్చింది దాని నుంచే. గౌట్ అనే ఒక రకం కీళ్లజబ్బుకు కాల్చిసిన్ నిజంగానే మందు. తమిళనాడులో రైతులు ఈ తీగను పొలాల్లో పందిరి కట్టి పెంచేది కూడా గింజల కోసమే. ఆ గింజలు మందుల కంపెనీలకు పోతాయి.

ఇప్పుడు రెండో సగం. డాక్టరు రాసే కాల్చిసిన్ మాత్రలో మందు అర మిల్లీగ్రాము. గ్రాములో రెండు వేలో వంతు. అంత కొలిచి ఇవ్వాల్సిన పదార్థం అది. గడ్డలో అది ఎంతుందో చేతిలో పట్టుకుంటే తెలుస్తుందా? కాల్చిసిన్ మన ఒంట్లోని కణాల విభజనను ఆపేస్తుంది. శరీరంలోకి పోతే ముందు వాంతులు, విరేచనాలు. ఏదో తిన్నది పడలేదులే అనుకుంటారు. తర్వాత మూత్రపిండాలు, ఎముకల్లోని మూలుగ దెబ్బతింటాయి, ప్రాణం పోవచ్చు. మొక్కంతా విషమే, దుంపలోనూ గింజల్లోనూ మరీ ఎక్కువ. తినే దుంప అనుకుని పొరపాటున వండుకుని ఆస్పత్రి పాలైనవాళ్లున్నారని వైద్య పత్రికల్లో రికార్డయింది. ఎవరైనా పొరపాటున తింటే ఇంటి వైద్యం చేయకుండా, వాంతులు తగ్గాయి కదా అని ఊరుకోకుండా, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. వీలైతే ఆ మొక్క ముక్కో ఫొటోనో వెంట తీసుకుపోవాలి.

ఇక ఆయుర్వేదం పేరు చెప్పి రాశారు కదా, ఆయుర్వేదం ఏమంటుంది? లాంగలిని అది ఉపవిషాల జాబితాలో పెట్టింది. శుద్ధి చేయనిదే వాడకూడదని చెప్పింది. అంటే ఆ వ్యాసం రాసినాయన ఆయుర్వేదం నుంచి వాడకం ఒక్కటి తీసుకుని హెచ్చరికను వదిలేశాడు. మందు చీటీలో మందు పేరు రాసి మోతాదు చింపేసినట్టు.

మా జేజిది గౌట్ కూడా కాదు. డెబ్బయ్యేళ్లు పొలంలో వంగి లేచిన మోకాళ్లవి.

మార్కులు: 5కి 0. మైనస్ మార్కులు పెట్టుకోలేదు కాబట్టి సున్నా.

అయిదో వాక్యం: "ఇది అంతరించిపోతున్న అరుదైన మొక్క."

ఇలాంటి వాక్యం చూస్తే జాలి పుడుతుంది, షేర్ చేస్తాం. నేను మాత్రం ఒక ప్రశ్న వేస్తా. ఎక్కడ అరుదు?

ఎందుకంటే ఇదే తీగ ఆస్ట్రేలియా తూర్పు తీరంలో కలుపు మొక్క. ఇసుక తిన్నెల మీద అల్లుకుపోయి, అక్కడి మొక్కలను బతకనివ్వకపోతే, పీకేయడానికి జనం కష్టపడుతున్నారు. ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా సహజంగా పెరుగుతుంది. ప్రపంచం మొత్తం లెక్కలో దీనికి ముప్పు లేదు. మన దగ్గర చాలాచోట్ల తగ్గిన మాట మాత్రం నిజం. మందుల కోసం దుంపలు తవ్వేస్తున్నారు. దుంప పోతే వచ్చే వానకు మొలిచేదేం ఉండదు.

ఒకే చోటికి పరిమితమైన మొక్క వేరు. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలో, మన కడప, చిత్తూరు అడవుల చుట్టుపక్కలే. అది ఇక్కడ పోతే లోకంలో పోయినట్టే. అడవినాభి మా ఊళ్లో పోతే మా ఊళ్లో పోయినట్టు. రెండూ నష్టమే, కానీ రెండూ ఒకటి కాదు. "అరుదు" అని రాసే ముందు ఎక్కడ, ఎందువల్ల, ఎవరు చెప్పారు అన్న మూడూ రాయాలి.

మార్కులు: 5కి 1.

మొత్తం 25కి 9. అంటే నూటికి 36. మన పదో తరగతి లెక్కన పాస్! నన్ను భయపెట్టింది అదే. చదివితే ఎక్కడా తప్పుగా అనిపించదు. అక్షరదోషాల్లేవు, భాష బాగుంది, బొమ్మ ఉంది. పాసైన వ్యాసమే ఒక పిల్లోడి చేతికి గడ్డపార ఇవ్వబోయింది.

వ్యాసంలో లేని ఆరో విషయం ఒకటుంది. ఆధారం. ఒక్క వాక్యం చివరా "ఇది ఫలానా చోట ఉంది" అన్న చిన్న అంకె లేదు. విజ్ఞాన సర్వస్వం అంటే రాసినవాడి పెద్దరికాన్ని నమ్మడం కాదు, అతను చూపించిన ఆధారాన్ని నమ్మడం. కొమర్రాజు లక్ష్మణరావు గారు వందేళ్ల కిందట ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టి మూడు సంపుటాలు తెచ్చారు. 1923లో ఆయన పోయేనాటికి పని ఇంకా "అ" అక్షరం దగ్గరే ఉంది. ఒక్కో వ్యాసానికి అంత చూసుకున్నారు మరి. ఇప్పుడు అయిదు నిమిషాల్లో అయిదు వాక్యాలు పెట్టేయొచ్చు. పెట్టడం తప్పు కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇలాంటి చిన్న వ్యాసానికి ముద్దుగా "మొలక" అని పేరు. మొలక అంటే పెరగాల్సింది అనే కదా. మొలకనే చెట్టనుకుని కొమ్మెక్కితేనే ప్రమాదం.

ఇదంతా ఫోన్‌లో చెబుతుంటే వెనక నుంచి జేజి గొంతు వినబడింది. "ఏందిరా అది, చూపీ." వాడు ఫొటో చూపించినట్టున్నాడు.

"అడివినాభి గదరా ఇది! యాడ దొరికింది నీకు? మాయమ్మ మమ్మల్ని దీని దగ్గిరికి పోనిచ్చేది గాదు. పశువు మూతి పెడితే మనకు దక్కదు. మునుపు కుందూ గట్టు పొంటి కంచెల్లో వానలు పడినాక యాడ జూసినా ఇదే. ఇప్పుడు కంచెలు యాడుండాయి, అంతా ఇనప తీగెలే గదా."

లెక్కపెట్టండి. సరైన పేరు, ప్రమాదం, ఎక్కడ పెరిగేది, ఎప్పుడు పూసేది, ఎందుకు తగ్గింది. వ్యాసం వదిలేసినవన్నీ చదువు రాని జేజి అర నిమిషంలో చెప్పేసింది.

కానీ చిక్కు ఇక్కడే ఉంది. "మా జేజి చెప్పింది" అని వికీపీడియాలో రాస్తే నిలవదు. సొంత పరిశోధన పనికిరాదు, అచ్చయిన ఆధారం కావాలి అనేది అక్కడి నియమం. నియమం మంచిదే. లేకపోతే ప్రతి ఒక్కడి జేజీ ఒక్కోటి చెబుతుంది, గడ్డ రాయమన్న మనిషి కూడా తన జేజి పేరే చెబుతాడు. అలాగని అచ్చు కానిదంతా అబద్ధం అయిపోదు కదా. 2011లో అచల్ ప్రభల అనే ఆయన మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడీ భాషల్లో ఒక ప్రయత్నం చేశారు. ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పింది రికార్డు చేసి, ఆ రికార్డునే ఆధారంగా చూపడం. అందరూ ఒప్పుకోలేదు గానీ, ప్రశ్న మాత్రం బతికే ఉంది.

మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. విషం, రసాయనం, కుటుంబం లాంటి వాటికి అచ్చయిన ఆధారాలు బోలెడు. అవి వెతికి పెట్టడానికి జేజి మాట మనకు దారి చూపిస్తుంది. మీ ఊరి మొక్క ఫొటో తీస్తే పువ్వు ఒక్కటే తీయకండి. ఆకు, కాండం, కాయ, చుట్టుపక్కల నేల, అన్నీ తీయండి. ఒక్క జాగ్రత్త. నిజంగా అరుదైన మొక్క అయితే సరిగ్గా ఏ చోట ఉందో బయటపెట్టకండి, జిల్లా పేరు చాలు. ఎర్రచందనం జిల్లా వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మరి ఆ అయిదు వాక్యాలు ఎలా ఉండాలి? మేమిద్దరం ఫోన్‌లోనే కూర్చి రాసింది ఇది:

"అడవినాభి లేదా అగ్నిశిఖ (గ్లోరియోసా సుపర్బా) కొల్చికేసి కుటుంబానికి చెందిన తీగ. ఈ మొక్క అన్ని భాగాలూ, ముఖ్యంగా దుంప, గింజలు, ప్రాణాంతకమైన విషం. ఆకు కొస నులితీగలా చుట్టుకోవడం, వెనక్కి విరిగిన ఆరు రేకలు పసుపు నుంచి ఎరుపుకు మారడం దీని గుర్తులు. దీన్నుంచి తీసే కాల్చిసిన్‌ను గౌట్‌కు వైద్యుల పర్యవేక్షణలో, కొలిచిన మోతాదులోనే వాడతారు. ఆయుర్వేదం దీన్ని ఉపవిషంగా లెక్కిస్తుంది. ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా విస్తరించి ఉన్నా, దుంపల కోసం తవ్వడం వల్ల మన దేశంలో చాలాచోట్ల తగ్గిపోయింది."

ఇది ఆరు వాక్యాలు, ఒక్కటే ఎక్కువ. ప్రతిదాని వెనకా ఒక ఆధారం పెట్టాలి, ఆ హోంవర్క్ వాడికి ఇచ్చాను. రెండో వాక్యం ఎక్కడుందో చూశారుగా. విషం సంగతి చివర్లో చెబితే సగం మంది అక్కడిదాకా రారు. ఫోన్‌లో స్క్రోల్ చేసే వేలికి ఓపిక తక్కువ.

సాయంత్రం వాడి దగ్గర్నుంచి ఇంకో ఫొటో వచ్చింది. ఈసారి పువ్వు లేదు. ఆకు కొస ఒక్కటే, దగ్గర్నుంచి తీశాడు. వేలెడంత ఆకు చివర సన్నగా సాగి, కంప ముల్లుకు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. కింద ఇలా రాశాడు: "గడ్డ తవ్వలా మామా. జేజికి మోకాళ్లకు ప్రొద్దుటూరు డాక్టరు దగ్గిర బుధవారం టోకెన్ తీసినా."

ఈ వారం మీరూ ఒక పని చేయండి. మీ ఊరి కంచె మీదో గట్టు మీదో ఉన్న ఒక మొక్క పేరు వెతికి, దొరికిన వ్యాసానికి 25కి మార్కులు వేయండి. వేసే ముందు ఇంట్లో పెద్దవాళ్లకు ఫొటో చూపించండి. ఎన్ని మార్కులు వచ్చాయో నాకు రాయండి. 36 శాతం వస్తే మాత్రం పాస్ చేయకండి.